కార్చిచ్చు కాలం ముందుంది: ఏళ్ల తర్వాత మళ్లీ బ్రిగేడ్‌కి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో చట్టప్రకారం కార్చిచ్చు కాలం అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. వానలు ముఖం చాటేసిన ఏడాది కొన్ని జిల్లాల్లో ఇంకా ముందే ప్రకటిస్తారు. పిల్లలనో, ఉద్యోగమనో, ఇండియా ప్రయాణాలనో బ్రిగేడ్‌లో, అంటే ఊరి అగ్నిమాపక దళంలో, వాలంటీరు పని వదిలేసి ఇప్పుడు మళ్లీ చేరేవాళ్లు ఆగస్టులోనే కదలాలి. గొట్టం పట్టుకోవడం రెండు ప్రాక్టీసుల్లో వచ్చేస్తుంది. పాత లెక్కలు మనసులోంచి పోవడానికే టైం పడుతుంది.

మొదట ఆ రోజు మంటల ప్రమాదం ఎంతో చెప్పే స్థాయిల బోర్డు. 2022 సెప్టెంబర్ 1 నుంచి దేశమంతటా నాలుగే స్థాయిలు: మోడరేట్, హై, ఎక్స్‌ట్రీమ్, కెటాస్ట్రాఫిక్. పాత బోర్డులోని ‘వెరీ హై’, ‘సివియర్’ ఎత్తేశారు. ఇప్పటి హై, మంట తీవ్రతను లెక్కగట్టే సూచీలో 24 దగ్గర మొదలవుతుంది, అంటే సుమారుగా పాత వెరీ హై. ఇప్పటి ఎక్స్‌ట్రీమ్ 50 దగ్గర మొదలై పాత సివియర్‌నీ తనలో కలుపుకుంది. ‘ఈరోజు హై మాత్రమేగా’ అని పాత అర్థంలో తీసుకుంటే రోజు మొత్తాన్నీ తక్కువ అంచనా వేసినట్టే.

తర్వాత ఒళ్లు. డాక్టరు దగ్గర ‘ఫిట్‌నెస్ కాగితం కావాలి’ అని ఊరుకోకండి. ఎండలో, పొగలో, బరువు మోస్తూ గంటలకొద్దీ పని అని విడమరిచి చెప్పండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు ఒంట్లో నీటిని త్వరగా తగ్గిస్తాయి. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి కాబట్టి నాడి చూసి అలసట తెలుసుకోవడం కుదరదు. జలుబుకి వేసుకునే కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి, చెమటనూ తగ్గిస్తాయి. సత్తువ చూసుకోవాలంటే 11 కిలోల సంచీతో 3.2 కిలోమీటర్లు 30 నిమిషాల్లో, పరుగెత్తకుండా నడవండి. అడవి మంటల సిబ్బందికి పెట్టే మధ్యస్థాయి నడక పరీక్ష ఇదే. బరువు వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ వెళ్లండి.

గ్యారేజీలో దాచిన పాత అగ్నిమాపక డ్రెస్ జోలికి పోవద్దు, స్టేషన్‌లో కొత్తది అడగండి. లోపల నూలు లేదా ఉన్ని బట్టలే. పాలియెస్టర్ బనియన్ వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. బూట్లు కొత్తవైతే ముందే వాటితో నడిచి కాళ్లకు అలవాటు చేయండి. పెంచిన గడ్డం మీద పీ2 మాస్కు సరిగా కూర్చోదు. కూర్చున్నా అది ఆపేది బూడిద, పొగ రేణువులనే. కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే పొగలోంచి బయటికి రావాలి.

ట్యాంకర్‌లో నీళ్ల లెక్క నోటికి రావాలి. 3,000 లీటర్ల బండి మీద 38 మిల్లీమీటర్ల గొట్టం నిమిషానికి 200 లీటర్లు తాగితే పావుగంటలో ఖాళీ. నాజిల్ మెల్లగా మూయండి, టక్కున మూస్తే ఒత్తిడి గొట్టాన్నీ కప్లింగునీ (గొట్టాలను కలిపే జోడింపు) దెబ్బతీస్తుంది. నాజిళ్లన్నీ మూసి పంపు నడుస్తూనే ఉంటే లోపలి నీళ్లు మరిగి సీళ్లు పోతాయి. చెరువు నుంచి తోడేటప్పుడు ప్రైమ్ ఎక్కకపోతే, అంటే గాలి పోయి పంపులోకి నీళ్లు రాకపోతే, చాలాసార్లు దోషం పంపుది కాదు, పీల్చే గొట్టం కప్లింగులో వాషర్ జారి గాలి లాగుతుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం గాలి మీద పెట్టండి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో ముందు వాయవ్యం నుంచి వడగాలి వీస్తుంది, దాని వెనకే చల్లగాలి నైరుతి నుంచి వచ్చి పడుతుంది. అంతవరకూ సన్నగా పొడుగ్గా సాగిన మంటకి తూర్పు పక్క అంతా ఒక్కసారిగా ముందు భాగమైపోతుంది. ఆ పక్కన, మంటకీ మీకూ మధ్య కాలని గడ్డి, పొదలు ఉంటే మీరున్నది అక్కడివాళ్లు ‘డెడ్ మ్యాన్ జోన్’ అనే చోటు. 1998 డిసెంబర్ 2న విక్టోరియాలోని లింటన్ దగ్గర నీళ్లు నింపుకోవడానికి వెళ్తున్న ట్యాంకర్ ఇలాగే గాలి మారి చిక్కుకుంది. ఐదుగురు వాలంటీర్లు చనిపోయారు. అందుకే కాలిన నేల మీద ఒక కాలు ఉండేలా పని చేయాలి, ట్యాంకులో మీ బ్రిగేడ్ నిర్దేశించిన మట్టం దగ్గర పిచికారీ ఆపేయాలి. ఎదురుగా చిన్న మంటే ఉన్నా ఆ మిగిలిన నీళ్లు ముట్టకూడదు. ఏటవాలు సంగతీ గుర్తుంచుకోండి: ఎగువకి ప్రతి 10 డిగ్రీలకీ మంట వేగం సుమారు రెట్టింపవుతుంది.

మంట బండి మీదుగా పోయే పరిస్థితికి డ్రిల్ ఏటా చేయాల్సిందే, అదీ గ్లవ్స్ వేసుకునే. కాలిన నేల మీదో, గడ్డి తక్కువున్న చోటో బండి ఆపాలి. రేడియోలో అత్యవసర సందేశం, బండి రక్షణ జల్లు ఆన్, ఇంజిన్ ఆపకూడదు, లైట్లు వేసి ఉంచాలి, కిటికీలూ వెంట్లూ మూయాలి, వేడిని ఆపే కర్టెన్లు దించాలి, అందరూ కిటికీ మట్టానికి కిందికి దిగి దుప్పట్లు కప్పుకోవాలి. ఎవరి దుప్పటి ఏ సీటు కింద ఉందో కళ్లు మూసుకుని తడిమి తీయగలగాలి. చాలామందికి మొదటిసారి దుప్పటి కవర్ జిప్పు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. మంట ముందు భాగం బండిని దాటేదాకా తలుపు తీయకూడదు, లోపల పొగ వచ్చినా సరే.

మంట ఆరాక చెట్లతో భయం. మొదలు కాలిన యూకలిప్టస్ చప్పుడు లేకుండా పడిపోతుంది. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఉండండి. తెగిన కరెంటు తీగకి కనీసం 8 మీటర్లు.

పొగ వాసన పట్టిన డ్రెస్‌ని కారులో ఇంటికి తేకండి. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది. స్టేషన్‌లోనే ఉతకాలి, అన్నానికి ముందు చేతులూ మెడా కడగాలి. మొదటి కొన్ని పిలుపులకి లీడర్‌కి ‘ఇన్నేళ్ల తర్వాత వస్తున్నాను’ అని చెప్పేస్తే పంపు దగ్గర ఒంటరిగా వదలకుండా పాతవాళ్లతో జత చేస్తారు.