భీమిలి సముద్రంలో గాలం వేయడం ఎలా? ఒడ్డు నుంచి, పడవ మీది నుంచి

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట గాలం వేయదలచినవారు, సామాను కొనడానికి ముందే నీటి పోకడ తెలుసుకోవాలి. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఉరవడి పెరుగుతుంది. నీరు కదులుతున్నప్పుడే ఏటి మొగలో రొయ్యలు, చిరుచేపలు కొట్టుకువస్తాయి కనుక వాటి కోసం పండుగప్ప చేప అక్కడ మాటువేస్తుంది. నీరు నిలిచిపోయిన వేళలో ఎంత మంచి ఎర వేసినా ఫలితం తక్కువే.

ఒడ్డు నుంచి వేసేటప్పుడు పది పన్నెండు అడుగుల రాడ్డు, నైలాన్ దారం, ప్రవాహానికి ఎర కొట్టుకుపోకుండా ఆపగల సీసపు గుండు సరిపోతాయి. బతికిన రొయ్యను తోక దగ్గర గాలానికి గుచ్చితే అది చాలాసేపు కదులుతూ ఉంటుంది. కెరటాలు విరుగుతున్న వరుసల మధ్య విరగకుండా నునుపుగా కనిపించే పాయ లోతైనది. చేపలు తిరిగేది అందులోనే. అయితే మనిషిని లోపలికి లాగేదీ అదే పాయ కాబట్టి ఒడ్డున నిలబడే విసరాలి, నీటిలోకి దిగకూడదు. పొరపాటున చిక్కుకుంటే ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి.

పడవ మీద వెళ్లేవారు స్థానిక మత్స్యకారులతోనే వెళ్లాలి, ఎందుకంటే కెరటాలు దాటించడమే ఇందులో అసలు విద్య. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజిను పడవలకు వేట నిషేధం ఉంటుంది. మిగిలిన రోజుల్లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసి, లైఫ్ జాకెట్ వేసుకుని, తెల్లవారుజామున నేలగాలి (ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి) ఉండగానే బయలుదేరడం మంచిది. చేపలు పడిన చోటును, పావురాలకొండ, తీరంలోని మరొక గుర్తు ఒకే వరుసలో కనిపించే దిక్కును, వేరే వైపు ఇంకో రెండు గుర్తులు అలాగే కలిసే దిక్కును బట్టి గుర్తుపెట్టుకుంటే మళ్లీ అక్కడికే రావచ్చు. ఆపదలో తీర రక్షక దళానికి 1554కు ఫోన్ చేయాలి.

జెల్ల చేప పడితే ఉత్త చేత్తో పట్టుకోరాదు. దాని వీపు మీద ఒకటి, మొప్పల వెనుక రెండు ముళ్లుంటాయి. గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచి, ఆపై వైద్యుని చూడాలి. కానాగంత చేపలు పడితే వెంటనే ఐసులో వేయాలి. ఎండలో పడి ఉన్న చేపలో పుట్టే విషం వండినా పోదు.