సీరియల్ మీద అభిప్రాయం రాస్తారా? ముందు తప్పు ఎవరిదో తేల్చుకోండి

ఎపిసోడ్ మొదటిసారి ఆపకుండా చూడండి. నచ్చని చోట నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. ఆ చోట్లను మాత్రం మళ్లీ రెండుసార్లు చూడాలి: ఒకసారి సౌండ్ కట్టేసి, ఒకసారి కళ్లు మూసుకుని.

సౌండ్ లేనప్పుడు కనిపించేది నటన, కెమెరా, ఎడిటింగ్. మాట అనేముందు నటుడి చూపు ఎదుటి మనిషిని వదిలి పక్కకి జారుతోందంటే ప్రాంప్టింగ్ (పక్కనుంచి డైలాగు అందించడం) కోసం చెవి ఒగ్గి ఉండొచ్చు. కళ్లు మూసుకుని వింటే డబ్బింగ్ సంగతి తెలుస్తుంది. పెరట్లోనూ పడగ్గదిలోనూ గొంతు ఒకేలా మోగితే అది మిక్సింగ్ (గొంతు, మిగతా శబ్దాలు కలిపి సరిచేసే పని) లోపం, నటి మీద వేయకండి. మన సీరియళ్లలో కన్నడ నటులు చాలామందే ఉన్నారు, గొంతు వేరొకరిది కావచ్చు.

పెదవులు కలవలేదనిపిస్తే ప, బ, మ చూడండి. పెదవులు మూయకుండా ఆ అక్షరాలు పలకలేం. అయితే ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేయండి, శబ్దం వెనకబడేది వాటివల్లే కావచ్చు. టీవీలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. మాట మూడు నాలుగు ఫ్రేములు వెనకబడిందంటే ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మన యాస. తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే, న్యాయమే కూడా. పాత్రది చంద్రగిరి అంటారు, నోట్లో మాత్రం ‘వచ్చిండు’, ‘గిట్ల’. అవి తెలంగాణవి. మనకు ‘వచ్చినాడు’, ‘వస్తా ఉండాడు’, ‘యాడికి పోతా ఉండావు’. వినిపించిన డైలాగును ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. పదాలే వేరే ప్రాంతానివైతే లోపం రచయితది. పదాలు సరిగ్గానే ఉండి పలుకు అతకకపోతే డబ్బింగ్‌ది. నగరి వైపు తమిళం, కుప్పం వైపు కన్నడం తగులుతాయి, వాటిని తప్పుగా లెక్కేయొద్దు. అవ్వా, కాలేజీ పిల్లా ఒకే యాసలో మాట్లాడితే మాత్రం నమ్మబుద్ధి కాదు.

సాగదీత గురించి రాసేటప్పుడు లెక్క వేయండి. అత్త ఒక మాట అంటే ఏడుగురి మొహాలు, ఒక్కోటి మూడు సెకన్లు: 21 సెకన్లు పోయినట్టే. నిబంధన ప్రకారం గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదు, అంటే సగటున అరగంటకు ఆరు. మిగిలిన 24 నిమిషాల్లోంచి టైటిల్స్, నిన్నటి కథ, రేపటి ప్రోమో తీసేసి, కొత్తగా జరిగిన కథ ఎన్ని నిమిషాలో రాయండి. రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు ముందే తీసి ఉంచిన ఎపిసోడ్ల నిల్వ తగ్గినప్పుడు ఈ మొహాలు పెరగొచ్చు. అలాంటప్పుడు ఎడిటర్‌ను తిట్టి లాభం లేదు.

శ్రీవారి ఆలయం లోపలి సీను ‘అసలు గుడిలా లేదు’ అని ఎత్తిచూపకండి. లోపలికి ఫోన్లు, కెమెరాలే తీసుకెళ్లనివ్వరు, అది సెట్టే.

రాసేటప్పుడు ‘చెత్తగా ఉంది’ అని వదిలేయకుండా ఇలా రాయండి: ‘14వ నిమిషం, వంటింటి సీను. నటి కళ్లు బాగా పలికాయి. డబ్బింగ్ అర సెకను ఆలస్యం. యాస తెలంగాణది.’