షార్ట్ అయినా పవర్ ట్రాన్సిస్టర్ కాలిపోకుండా ఉండాలంటే

ఫ్యూజ్ వేశాం కదా ఇంక భయం లేదు అనుకుంటారు చాలామంది, కానీ లీనియర్ పవర్ సప్లైలో ఔట్‌పుట్ షార్ట్ అయితే ముందు పోయేది ట్రాన్సిస్టరే, ఎందుకంటే ఫ్యూజ్ తీగ వేడెక్కి కరిగేలోపే లోపలి సిలికాన్ ముక్క పని అయిపోతుంది. అలాగని ఫ్యూజ్ తీసేయొద్దు, వైరింగ్ తగలబడకుండా అది ఉండాల్సిందే. ట్రాన్సిస్టర్ బతకాలంటే మాత్రం కరెంట్‌ని సర్క్యూటే పట్టి ఆపాలి.

అన్నిటికంటే తేలికైనది ఇది. సిరీస్ ఎన్‌పీఎన్, అంటే ఇన్‌పుట్ నుంచి ఔట్‌పుట్‌కి కరెంట్ వెళ్లే దారిలో ఉండే పెద్ద ట్రాన్సిస్టర్, దాని ఎమిటర్‌కీ ఔట్‌పుట్‌కీ మధ్య ఒక చిన్న రెసిస్టర్ వేయండి, ఇంకో చిన్న ఎన్‌పీఎన్ తీసుకుని దాని బేస్‌ని 100 ఓమ్స్ ద్వారా పెద్దదాని ఎమిటర్‌కి, దాని ఎమిటర్‌ని ఔట్‌పుట్‌కి, కలెక్టర్‌ని పెద్దదాని బేస్‌కి కలపండి. ఆ రెసిస్టర్ మీద 0.65 వోల్టుల దాకా పడగానే చిన్నది ఆన్ అయ్యి పెద్దదాని బేస్‌కి వెళ్లే కరెంట్‌ని లాగేస్తుంది. విలువ కావాలంటే 0.65ని మీ ఆంప్స్‌తో భాగించండి, 1 ఆంప్ లిమిట్‌కి 0.68 ఓమ్స్ సరిపోతుంది, 2 వాట్లది వేయండి. బేస్ డ్రైవ్ దారిలో సిరీస్ రెసిస్టర్ తప్పకుండా ఉండాలి, లేకపోతే షార్ట్‌లో చిన్న ట్రాన్సిస్టర్ పోతుంది. ఇంకోటి, ఆ చిన్న ట్రాన్సిస్టర్‌ని హీట్‌సింక్‌కి (పెద్దదాని వేడిని లాగే లోహపు ముక్క) దూరంగా పెట్టండి, అది ఆన్ అయ్యే 0.65 వోల్టులు డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కాబట్టి 50 డిగ్రీలు వేడెక్కితే లిమిట్ 15 శాతం దాకా పడిపోతుంది.

ఇక్కడితో అయిపోయింది అనుకోవద్దు ప్లీజ్, అసలు సమస్య వేడి. 20 వోల్టులు ఇన్‌పుట్, 12 ఔట్‌పుట్, 1 ఆంప్ అయితే మామూలుగా ట్రాన్సిస్టర్ మీద 8 వాట్లు, అదే షార్ట్ అయితే దాదాపు 20 వాట్లు! హీట్‌సింక్ లెక్క ఈ 20కి వేయాలి. 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టర్‌కి 115 వాట్లు అని ఉంటుంది గానీ అది కేస్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట, పైగా వోల్టేజ్ ఎక్కువైతే సెకండ్ బ్రేక్‌డౌన్ (కరెంట్ అంతా లోపల ఒకేచోట చేరి అక్కడ కాలిపోవడం) వల్ల ఇంకా తక్కువకే పోవచ్చు, అందుకే డేటాషీట్‌లో ఏ వోల్టేజ్‌కి ఎంత కరెంట్ దాకా ఫర్వాలేదో చూపే సేఫ్ ఆపరేటింగ్ ఏరియా గ్రాఫ్ చూడండి.

అంత హీట్‌సింక్ పట్టకపోతే ఫోల్డ్‌బ్యాక్ వాడొచ్చు, ఔట్‌పుట్ వోల్టేజ్ పడేకొద్దీ లిమిట్ కూడా తగ్గుతుంది, కాకపోతే మోటార్లు, ఫిలమెంట్ బల్బులు ఒక్కోసారి స్టార్టే అవ్వవు. నన్నడిగితే షార్ట్ రాగానే పూర్తిగా కట్ చేసి, రీసెట్ నొక్కేదాకా ఆగే లాచ్ సర్క్యూట్ బెటర్.

టెస్ట్ చేసేటప్పుడు ఇన్‌పుట్ వోల్టేజ్ తగ్గించి మొదలుపెట్టండి, మీటర్‌ని ఆంప్స్‌లో పెట్టి ఔట్‌పుట్‌కి అడ్డంగా కొద్దిసేపే తగిలించి చూడండి. ఔట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ ఉంటే ముందు డిశ్చార్జ్ చేసి, మీటర్ తగిలించాకే పవర్ ఇవ్వండి, దాంట్లో నిండి ఉన్న చార్జ్‌ని ఈ లిమిటర్ ఆపలేదు.