నాయన పోయినాక ఆయన కథ రాసి పెట్టుకోవడం ఎట్ల

ఇంట్లో పెద్దాయన పోతే మా కర్నూల్లో మొదట లేచేది ఫ్లెక్సీ. సందు మొదట్లో ఒకటి, ఇంటి ముందర ఒకటి, కొంచెం ఉన్నోళ్లయితే రాజ్ విహార్ సెంటర్లో ఇంకోటి, దాని మీద ప్రేమమూర్తి, స్నేహశీలి, మా ఇంటి వెలుగు అని రాయిస్తారు. ఫోటో, పేరు మారిస్తే ఎవరి ఫ్లెక్సీ అయినా ఎవరికైనా సరిపోతుంది, నాకు నచ్చనిది అదే. పెళ్లాం పిల్లలే లోకం అనుకొని బతికిన మనిషిని రేపు మనవళ్లకు చెప్పాలంటే ఆ మూడు మాటలు యాడికీ చాలవు, ఆయన ఏం చేసినాడు, ఏం తిన్నాడు, ఎవరితో కొట్లాడినాడు, ఎవరికి అప్పిచ్చి అడగకుండా వదిలేసినాడు, ఇవి కావాల. మా నాయన ఆర్టీసీ కండక్టర్. ఆయన సంవత్సరీకానికి మేము ఒక చిన్న పుస్తకం వేసినాము, ఆ పనిలో తెలిసినవి చెప్తా. మీ నాయన రైతయినా, సారయినా, అంగడి పెట్టుకున్నోడయినా పద్ధతి ఇదే.

ముందు ఫోన్ సంగతి చూడండి, ఎందుకంటే మిగతావాటికి టైం ఉంది గానీ దీనికి గడువు ఉంది. పెద్ద దినం అయిపోతానే ఎవరో ఒకరు ఊరికే పడుందిలే అని ఆ ఫోన్ ఫార్మాట్ కొట్టి పిల్లోడి చేతికి ఇస్తారు, అది జరగనీయొద్దు. సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ వాళ్లు ఆపేయొచ్చు, ఆ తర్వాత నంబర్ ఇంకెవరికో పోతుంది, మన ఫోన్‌లో నాయన అని ఉన్న పేరు మీద ఎవడో కుర్రోడి డీపీ కనపడుతుంది. వాట్సాప్ 120 రోజులు నెట్‌కు కనెక్ట్ కాకపోతే అకౌంట్ తీసేస్తారు, గూగుల్ అకౌంట్ అయితే రెండేళ్లు. అందుకే సిమ్‌కు చిన్న రీచార్జ్ చేస్తా ఉండండి, ఈలోపల మీ ఫోన్‌లోనే నాయన చాట్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కి మోర్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, మీడియాతో సహా అని పెడితే వాయిస్ మెసేజ్‌లు కూడా వస్తాయి. దాన్ని మెయిల్‌లో ఒకచోట, పెన్‌డ్రైవ్‌లో ఒకచోట పెట్టండి. "ఏమ్మా తిన్యారా, వాన పడ్తాందా ఆడ" అనే ఐదు సెకన్ల ముక్క అయినా సరే, గొంతు మళ్లీ దొరకదు. ఫోటోలు ఏ చుట్టం ఇంట్లోనో దొరుకుతాయి, గొంతు అట్ల కాదు.

అదే ఫోన్‌లో కాంటాక్ట్ లిస్టు మొత్తం పై నుంచి కిందికి చదవండి. ఇది ఎవరూ చేయరు. మా నాయన పేర్లు సేవ్ చేసుకునే తీరే వేరు, ఊరు ముందర, పని తర్వాత, పేరు చివర్లో: కోడుమూరు కట్టెల అడితి, ఎమ్మిగనూరు చీరలు, డోన్ రైల్వే పెద్దన్న, ఇట్ల. అందులో సగం మంది మాకు తెలీదు. ఆ లిస్టే మనం ఎవరిని కలవాలో చెప్తుంది.

ఇంక అసలు పని, మనుషుల్ని అడగడం. మీ నాయన ఎట్లాంటి మనిషి అని మాత్రం అడగొద్దండి, అడిగితే "దేవుడట్లాంటోడప్పా" అని ఒక్క మాట చెప్పి కండ్లు తుడుచుకుంటారు, మీ చేతికి ఏమీ రాదు. చిన్నవి అడగాల. మీ ఇంటికి వస్తే ఏం పెట్టమనేవాడు? మీరిద్దరూ ఎప్పుడన్నా మాట్లాడుకోకుండా ఉన్యారా, దేనికి? మొదటి జీతం ఏం చేసినాడు? ఆయనకు భయం దేనికి? డబ్బుల్లేని రోజు ఏం చేసేవాడు? ఇట్ల అడిగితే మనిషి కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంటాడు, అప్పుడు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి, రికార్డ్ చేస్తున్నా అని చెప్పి, స్క్రీన్ కిందికి పెట్టి మర్చిపోండి. మధ్యలో దిద్దొద్దు. తేదీ తప్పు చెప్పినా సరే గమ్మున ఉండండి, తేదీలు తర్వాత చూసుకోవచ్చు. వయసు ఎక్కువ ఉన్నోళ్ల దగ్గరికి ముందు పోండి, కారణం చెప్పబల్లేదు. చెవులు వినపడని పెద్దోళ్ల దగ్గరికి వాళ్ల ఇంటి మనిషిని తోడు పెట్టుకోండి, ప్రశ్న వాళ్ల గొంతులో పోతే జవాబు తొందరగా వస్తుంది.

మాకు దొరికిన గట్టి ముక్క నాయనతో ఏండ్ల తరబడి డ్యూటీ చేసిన డ్రైవర్ మామ దగ్గర దొరికింది. మా అక్క పదో తరగతిలో నాయన పొద్దున ఇంటికొచ్చి లెక్కలు చెప్పేవాడు, మేమంతా నాయనకు లెక్కలు బాగా వచ్చు అనుకున్నాము, ఇన్నేండ్లూ అదే అనుకున్నాము. మామ చెప్పిందేందంటే, పత్తికొండ దిక్కు పల్లెలో నైట్ హాల్ట్ పడితే బస్సు లైటు కింద అక్క పుస్తకం తెరిచి ఆ లెక్కలే రాసి కొట్టేసి రాసి కొట్టేసి నేర్చుకునేవాడంట, రాకపోతే ఆ ఊరి సారును లేపి అడిగొచ్చేవాడంట, పొద్దున ఫస్ట్ ట్రిప్పు ఎక్కి ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు చెప్పేవాడంట. అక్క ఈ మాట విని ఆ రోజు అన్నం తినలా. మంచి తండ్రి అని మీరు పది పేజీలు రాసినా ఈ ఒక్క ముక్కంత బరువు రాదు. ఇట్లాంటివి ఇంట్లోవాళ్లకు తెలీవు, బయటోళ్ల దగ్గరే ఉంటాయి, అందుకే డిపో, రచ్చబండ, టీ అంగడి, ఆయన బట్టలు కుట్టిన టైలర్ వరకూ పోవాల.

అమ్మను మాత్రం కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసినట్టు అడగొద్దు. కూర తరుగుతా ఉన్నప్పుడో, శనక్కాయలు ఒలుస్తా ఉన్నప్పుడో పక్కన కూర్చొని మీరూ రెండు ఒలవండి, దానంతట అదే వస్తుంది. మా అమ్మ చెప్పింది ప్రేమ కథ కాదు, కొట్లాట. నాయన సీసీఎస్ (ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘం) లోన్ తీసి ఆమెను అడగకుండా కుట్టుమిషన్ తెచ్చినాడంట, ఆమెకేమో ఇంటి పైకప్పు ముఖ్యం, చానా రోజులు మాట్లాడలేదంట. తర్వాత స్ట్రైక్‌లో జీతాలు ఆగినప్పుడు ఆ మిషనే ఇల్లు నడిపింది, "అయినా నేను ఆయప్పకు ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలా" అనింది నవ్వుకుంటా. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి, ఎవరిది నిజమో తేల్చే పని మనది కాదు.

తేదీలు, ఊర్ల దగ్గర మన జిల్లాల్లో కొంచెం తికమక ఉంది, పిల్లలు దీంట్లోనే పడిపోతారు. మీ నాయన 1953 కంటే ముందు ఆదోనిలోనో ఆలూరులోనో పుట్టింటే ఆయన పుట్టింది బళ్లారి జిల్లా, మద్రాసు రాష్ట్రం, కర్నూలు జిల్లా కాదు, రాయదుర్గం వాళ్లకూ ఇదే లెక్క, ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు అది అనంతపురంలో కలిసింది. గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్యాయి, ఆ ఏడు ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మార్చినారు) అయినాక అటు పోయినాయి. నంద్యాల 2022లో వేరే జిల్లా అయింది. కాబట్టి అప్పుడు ఏ జిల్లానో అది రాసి, ఇప్పుడు ఏ జిల్లానో పక్కన రాయండి. పుట్టినరోజు జూలై 1 అని కనపడితే నమ్మొద్దు, బడిలో చేర్చుకున్న సారు అందరికీ అదే వేసేవాడు, మా వీధిలో సగం మందిది జూలై 1. పెద్దోళ్లు తేదీ చెప్పరు, సంఘటన చెప్తారు: కర్నూలు రాజధాని అయిన ఏడు అంటే 1953, శ్రీశైలం నీళ్లకు ఊర్లు ఖాళీ చేయించిన ఏడు అంటే 1981, వరద అంటే ఈడ ఎవరికైనా 2009 అక్టోబర్ 2. దానికి ముందా తర్వాతా, అప్పుడు పెద్దోడు నడుస్తున్నాడా పాకుతున్నాడా అని అడిగితే ఏడాది అటూ ఇటూ తేలిపోతుంది. కాగితాల్లో అయితే బడి టీసీ, సర్వీస్ పుస్తకం, పట్టాదారు పాస్‌బుక్, పాత శుభలేఖలు, మనియార్డర్ రసీదులు, ఇవి చాలు.

ఫోటోలు. వరదలో పాతబస్తీ ఇండ్లల్లో బీరువాలతో సహా మునిగినాయి కదా, మా ఆల్బమ్‌లు కూడా బురద ముద్దలై పోయినాయి, మీవీ పోయింటే చుట్టాల పెళ్లి ఆల్బమ్‌లు అడగండి. ఇల్లు చూసుకునే మనిషి పెండ్లిలో స్టేజీ మీద ఉండడు, పంక్తిలో వడ్డిస్తానో, వంట దగ్గర బకెట్ పట్టుకునో వెనకాల ఉంటాడు, కాబట్టి పెండ్లికొడుకు మొహం వదిలేసి మూలలు చూడండి. మాకు దొరికినవాటిలో నాకు ఇష్టమైంది అట్లాంటిదే, లుంగీ ఎగ్గట్టి ఓళిగల తట్ట మోస్తా ఉన్యాడు, మొహంలో సగమే కనపడుతుంది. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. జిగురు పేజీల ఆల్బమ్ అయితే దంతాల సందులో వాడే దారం (డెంటల్ ఫ్లాస్) ఫోటో కింద జరిపితే మెల్లగా వస్తుంది. స్కాన్ 600 డీపీఐ అని చెప్పండి, ఫోన్‌తో ఫోటో తీసి సరిపెట్టొద్దు. వెనకాల పేర్లు పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ గుర్తులు ముందుకు తేలతాయి. పటం కట్టించేది కాపీకి, అసలుది కవర్‌లో వేసి బీరువా పై అరలో. పటానికి బొట్టు పెట్టేది, దండ వేసేది ఎట్లా ఉంటుంది, తడి లోపలికి దిగితే అసలు ఫోటో పోతుంది.

మంచివే రాయాలా అని మా ఇంట్లో చానా వాదన జరిగింది. నా మాట ఏందంటే, బీడీలు తాగినాడు అని రాయండి, కోపం వస్తే కంచం తోసేసేవాడు అని రాయండి, లేకుంటే చదివినోడికి మనిషి కనపడడు, మళ్లీ ఫ్లెక్సీనే కనపడుతుంది. కానీ బతికున్నోళ్ల పరువు వేరే లెక్క. నాయనకు చిన్నాయనకు గట్టు కాడ మాట పోయి ఏండ్లు మాట్లాడుకోలేదు, అది రాసే ముందు ఆ పేజీ తీసుకొని చిన్నాయన దగ్గరికి పోయి చదివి వినిపించినాము, ఆయన రెండు లైన్లు తీసేయమన్యాడు, ఒక లైను కలపమన్యాడు, అట్లే చేసినాము. ఆస్తి పంపకాల గోల అయితే పుస్తకంలోకి రానీయొద్దు, అది లాయర్ దగ్గర తేలాల్సింది.

రాసేటప్పుడు ఫలానా ఊర్లో ఫలానా దంపతులకు జన్మించి అని మొదలుపెడితే మూడో లైనుకే మీకే నిద్ర వస్తుంది. ఆయన మామూలు రోజు ఒకటి తీసుకోండి. మా దాంట్లో తెల్లారుజామున లేచి, ఖాకీ చొక్కా తొడుక్కొని, తోలు బ్యాగు, టికెట్ ట్రే, విజిల్ సర్దుకొని డిపోకు పోవడం కాడ మొదలై, రాత్రి బ్యాగు అడుగున మా కోసం తెచ్చిన మరమరాల పొట్లం కాడ ముగుస్తుంది, పుట్టుక, చదువు, పెండ్లి అన్నీ మధ్యలో వాటంతట అవే వచ్చినాయి. ఆయన మాటలు ఆయన యాసలోనే పెట్టండి, పుస్తకాల భాషలోకి మార్చొద్దు, "యాడికి పోతివిరా అబ్బీ" అనే మనిషిని "ఎక్కడికి వెళ్లావు నాయనా" అనిపిస్తే ఆయన కాదు ఇంకెవరో.

అచ్చు వేయించేది పెద్ద ఖర్చు కాదు. ఒక్క విషయం చూసుకోండి, డీటీపీ అంగళ్లలో చానా మంది ఇంకా 'అను' అనే పాత రకం ఫాంట్లలో కొడతారు, అది ఫోన్‌లో కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, మీరు యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లో అయినా సరిగ్గా కనపడే అక్షరాల్లో) టైప్ చేసిన ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి, అమెరికాలో ఉన్న మనవడికి పంపేది అదే. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగించేటట్టు ఉండాల, లేకుంటే చివర్లో పేజీలు తక్కువై ఆ రాత్రి ఉరుకులు.

తేదీ ముందే తేల్చుకోండి. సంవత్సరీకం తిథిని బట్టి కదా, చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు, అందుకే ఇంగ్లీషు తేదీ కంటే ఇంచుమించు పదకొండు రోజులు ముందుకొస్తుంది, మధ్యలో అధిక మాసం పడితే వెనక్కి పోతుంది. అయ్యవారిని అడిగి ఆ రోజు చుట్టాలకు చెప్పి, ప్రెస్ వానికి అంతకంటే రెండు వారాలు ముందు తేదీ చెప్పండి, నిజం తేదీ చెప్తే ఆ రోజుకి రాదు.

ఇంకొకటి, పుస్తకం చివర్లో ఖాళీ పేజీలు కొన్ని వదలండి, భోజనాలు అయినాక పెన్నులు ఇచ్చి ఎవరికి గుర్తొచ్చింది వాళ్లను రాయమనండి. మా మేనత్త అందరికంటే ముందు పెన్ను లాక్కొని, నాయనకు ఉగ్గాని (మరమరాల ఉప్మా) ఇష్టం అని మేం అచ్చేయించిన లైను కొట్టేసి, "మా అన్నకు ఇష్టమైంది ఉగ్గాని కాదు, దాంట్లోకి మిరపకాయ బజ్జి, ఉగ్గాని మీరు బలవంతం చేస్తే తినేవాడు" అని రాసింది. రెండో ప్రింటులో మార్చినాము.