వైల్డ్‌లైఫ్ లెన్స్ కొనే ముందు మీకు ఎన్ని ఎంఎం కావాలో లెక్క వేసుకోవడం ఎలా?

"అన్నా, ఈ లెన్స్ ఎన్ని ఎక్స్ జూమ్?" కొత్తగా పిట్టల పిచ్చి పట్టినవాళ్ళు మొదట అడిగేది ఇదే. షాపుల్లోనూ ఇదే పాట, 18-300 తీసి చేతిలో పెట్టి పదహారు ఎక్స్ సార్, దీనికి మించింది లేదు అంటారు, వీళ్ళు డబ్బులు కట్టేసి ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు గట్టుకి వెళ్తారు, లకుముకి పిట్ట ఫొటోలో ఆవగింజంత వస్తుంది, సాయంత్రానికి కెమెరాని తిట్టడం మొదలు. కెమెరా ఏం చేస్తుంది పాపం.

లెక్క పెద్ద కష్టమేం కాదు, కానీ మధ్యలో ఒక్కచోట దాదాపు అందరూ జారిపడతారు. ఆ మూడో స్టెప్ దగ్గర మాత్రం నిదానంగా చదవండి, మిగతావి గబగబా చెప్పేస్తా.

స్టెప్ 1: ఎక్స్ సంగతి తేల్చేయండి

ఎక్స్ అంటే లెన్స్ మీద రాసిన పెద్ద నంబరుని చిన్న నంబరుతో భాగిస్తే వచ్చేది, అంతకు మించి ఏమీ లేదు. 300ని 18తో భాగిస్తే పదహారున్నర పైన వస్తుంది, అందుకని అది పదహారు ఎక్స్. 150-600 అయితే నాలుగే ఎక్స్. అడవిలో పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు మోసుకు తిరిగే 600 ఎంఎం ప్రైమ్‌కి అసలు జూమే ఉండదు, ఎక్స్ లెక్కలో అది ఒకటి. మరి దూరంగా ఉన్న పిట్టని ఏది పెద్దగా చూపిస్తుంది? ఆ ఒకటే.

జూమ్ అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి మార్చుకునే వీలు. ఫోకల్ లెంత్ అంటే ఎంత ఇరుకు కోణంలో చూస్తుందీ అని. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (లోపల బొమ్మ పడే సెన్సార్ పాత ఫిల్మ్ రీలు సైజులో ఉండేది) మీద 50 ఎంఎం అడ్డంగా దాదాపు 40 డిగ్రీలు చూస్తుంది, 200 ఎంఎం పది డిగ్రీలు, 600 ఎంఎం మూడున్నర డిగ్రీల లోపే. మనకి కావాల్సింది ఈ చివరిది, కాబట్టి లెన్స్ పేరులో పెద్ద నంబరు మాత్రం చూడండి, ఎక్స్ అనే మాట ఇంక ఎత్తొద్దు.

స్టెప్ 2: సరంజామా

ఫోన్‌లో కాల్క్యులేటర్, ఒక కాగితం, మీ కెమెరా సెన్సార్ అడ్డం కొలత. ఫుల్ ఫ్రేమ్ అయితే 36 ఎంఎం, నికాన్, సోనీ, ఫుజీ ఏపీఎస్-సి (అంతకన్నా చిన్న సెన్సార్, క్రాప్ కెమెరా అనేది దీన్నే) అయితే సుమారు 23.5, కెనాన్ ఏపీఎస్-సి అయితే 22.3, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 17.3. ఇంక మీరు ఎక్కువగా ఏం తీస్తారో నిజాయితీగా రాసుకోండి. ఏడాదికోసారి తడోబా పులుల అడవికి వెళ్ళి మిగతా ఆదివారాలన్నీ చెరువు గట్టున ఉండేవాళ్ళు "పులి" అని రాయకూడదు.

స్టెప్ 3: అసలు లెక్క

సూత్రం ఇది: సెన్సార్ మీద పడే సైజు = జంతువు సైజు × ఫోకల్ లెంత్ ÷ దూరం. అన్నీ ఎంఎంలోనే పెట్టాలి. మీటర్లూ సెంటీమీటర్లూ కలిపి కొట్టేసి పిట్ట సెన్సార్ మీద మూడు మీటర్లు వచ్చిందని మెసేజ్ పెట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

చిన్న లకుముకి పిట్ట ముక్కు నుంచి తోక దాకా సుమారు 16 సెంటీమీటర్లు, అంటే 160 ఎంఎం. మీకూ దానికీ 15 మీటర్లు, అంటే 15000. లెన్స్ 300. 160ని 300తో గుణించి 15000తో భాగిస్తే 3.2 ఎంఎం వస్తుంది. 23.5 ఎంఎం సెన్సార్ మీద 3.2 అంటే ఫ్రేమ్‌లో ఏడో వంతు కూడా లేదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఫొటో అడ్డంగా 6000 పిక్సెల్స్ ఉంటుంది, అందులో మీ పిట్టకి దక్కేవి ఓ 800. వాట్సాప్‌లో పెట్టుకోవచ్చు, ప్రింట్ తీస్తే ఈకలన్నీ మైనం రాసినట్టు ఉంటాయి.

నా రూల్ ఏంటంటే పిట్ట ఫ్రేమ్ అడ్డంలో కనీసం నాలుగో వంతు ఉండాలి. ఏపీఎస్-సి మీద అది దాదాపు 6 ఎంఎం, 24 మెగాపిక్సెల్‌లో 1500 పిక్సెల్స్. అంతకన్నా తక్కువైనా పర్లేదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచుకుందాం అనేవాళ్ళతో నేను వాదించను, వాళ్ళ ఫొటోలు చూస్తే తెలిసిపోతుంది. ఇప్పుడు సూత్రాన్ని తిరగేయండి: కావాల్సిన ఫోకల్ లెంత్ = 6 × దూరం ÷ పిట్ట సైజు. 15 మీటర్ల లకుముకికి 560 దాటింది, అంటే 600 లెన్స్. కరెంటు తీగ మీద 20 మీటర్లలో కూర్చున్న పాలపిట్టకి, అది సుమారు 30 సెంటీమీటర్లు, సరిగ్గా 400. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో 40 మీటర్ల దూరంలో చెట్టు మీదున్న ఎర్రకాళ్ళ కొంగ మీటరు ఎత్తు ఉంటుంది, దానికి 240 చాలు, మీ కిట్‌లో వచ్చిన పాత 55-250తో కూడా పనైపోతుంది. రోళ్ళపాడులో 80 మీటర్ల దూరంలో ఉన్న కృష్ణజింకకి, పొడవు 120 సెంటీమీటర్లు అనుకుంటే, 400.

పులికి? తల నుంచి నడుము చివరిదాకా, తోక వదిలేసి, ఓ 180 సెంటీమీటర్లు అనుకోండి. 20 మీటర్లలో పక్కకి తిరిగి నిలబడితే సగం ఫ్రేమ్ నింపడానికి 133 ఎంఎం సరిపోతుంది. అదే దూరంలో 600 పెడితే సెన్సార్ మీద 54 ఎంఎం వస్తుంది, ఫుల్ ఫ్రేమే 36, అంటే పులిలో మూడో వంతు బయటే. చిన్న పిట్టకి పెద్ద లెన్స్, పెద్ద పులికి చిన్న లెన్స్. ఇది వినగానే సఫారీకి వెళ్ళేవాళ్ళు నమ్మరు.

ఇప్పుడు జారిపడే చోటు. క్రాప్ ఫ్యాక్టర్, అంటే ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ అడ్డం మీ సెన్సార్ అడ్డానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఏపీఎస్-సికి సుమారు 1.5.

మొదటి తప్పు, 300 లెన్స్ ఏపీఎస్-సి కెమెరాకి పెడితే 450 "అయిపోతుంది" అనుకోవడం. అవ్వదు. లెన్స్ మీద రాసిన ఎంఎం ఏ కెమెరాకి తగిలించినా మారదు, చిన్న సెన్సార్ అంచులు కోసేస్తుంది కాబట్టి 450 పెట్టిన ఫుల్ ఫ్రేమ్ చూసినంత కోణమే కనిపిస్తుంది, అంతే. పైన లెక్కలో మనం సెన్సార్ అడ్డం కొలత వాడాం చూడండి, క్రాప్ ఫ్యాక్టర్ అందులోనే ఉంది, మళ్ళీ 1.5తో గుణిస్తే రెండుసార్లు లెక్కపెట్టినట్టు. చాలామంది 400 సరిపోతుందని వచ్చాక దాన్ని 1.5తో భాగించి 270 చాల్లే అని 70-300 కొనేస్తున్నారు. తర్వాత ఇంకోటి కొంటారు.

రెండో తప్పు దీనికి ఉల్టా. "ఈ లెన్స్ క్రాప్ కెమెరాల కోసమే చేసింది కదా, అందులో రాసిన 300 ముందే గుణించి పెట్టింది." కాదండీ బాబూ. క్రాప్ కోసం చేసినా ఫుల్ ఫ్రేమ్ కోసం చేసినా లెన్స్ మీద ఉండేది అసలు ఫోకల్ లెంతే.

మూడోది బ్రిడ్జ్ కెమెరాలు, అంటే లెన్స్ ఊడదీయడానికి లేని పెద్ద జూమ్ కెమెరాలు. నికాన్ పీ1000 మీద 125 ఎక్స్, 3000 ఎంఎం అని చూస్తారు. ఆ 3000 అనేది ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెప్పిన నంబరు, లెన్స్ అసలు ఫోకల్ లెంత్ 4.3 నుంచి 539 ఎంఎం, సెన్సార్ అడ్డం ఆరు ఎంఎం చిల్లర. సరదాకి చంద్రుణ్ణి తీయడానికి బాగుంటుంది, పొద్దున్నే అడవిలో చెట్ల నీడన పిట్టని తీయడానికి కాదు, ఆ చివర ఎఫ్ 8 కూడాను (ఎఫ్ పక్కన నంబరు పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది). కొనొద్దని కాదు, కానీ 150-600తో పోల్చి ఐదు రెట్లు ఎక్కువ అని మాత్రం అనకండి.

మరి ఫుల్ ఫ్రేమ్ మంచిదా ఏపీఎస్-సి మంచిదా అంటే, రీచ్ (దూరంగా ఉన్నదాన్ని ఎంత పెద్దగా చూపిస్తుందీ అన్నది) వరకు పిక్సెల్స్ ఎంత దగ్గర దగ్గరగా పేర్చారో చూడండి. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో పైన చెప్పిన లకుముకికి 300తో 530 పిక్సెల్సే వస్తాయి, 800 కాదు. 61 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ అయితే ఏపీఎస్-సి సైజుకి క్రాప్ చేశాక కూడా 26 మెగాపిక్సెల్స్ మిగులుతాయి, అది ఏపీఎస్-సికి ఏమాత్రం తీసిపోదు, కాకపోతే దాని ధర వేరు. చేతిలో డబ్బు తక్కువ, తీసేది పిట్టలు అయితే ఏపీఎస్-సి బాడీ, మిగిలింది లెన్స్‌కి. దీని మీద చర్చ అనవసరం.

ఇంకో చిక్కు, దూరం. కంటితో దూరం చెప్పమంటే అందరూ తక్కువే చెప్తారు, నీళ్ళ మీద మరీ. పది మీటర్లే అన్న పిట్ట ఇరవైలో ఉంటుంది, లెక్క సగానికి సగం తప్పుతుంది. పిట్ట ఎగిరిపోయాక అడుగులు వేసి కొలవండి, మామూలు నడకలో ఒక అడుగు ముప్పావు మీటరు. కుదరకపోతే లెక్కంతా వదిలేసి మీ పాత ఫొటోలు బయటికి తీయండి, నిజానికి నాకు ఇదే ఎక్కువ నచ్చే పద్ధతి. క్రాప్ చేయని ఒరిజినల్ తెరిచి, పిట్ట ముక్కు నుంచి తోక దాకా బిగుతుగా క్రాప్ బాక్స్ పెట్టి ఎన్ని పిక్సెల్స్ ఉందో చూడండి. 250 ఎంఎం దగ్గర 700 వచ్చిందనుకోండి, మీకు కావాల్సింది 1500, అంటే రెట్టింపు పైన, 535 దాకా. దూరమూ వద్దు, సెన్సారూ వద్దు, ఉన్న కెమెరాతోనే కొనసాగేవాళ్ళకి ఇంతకన్నా నమ్మకమైన లెక్క లేదు. ఒక్క ఫొటోతో తేల్చకండి, ఓ ఇరవై చూడండి.

ఇలా చూస్తే ఇంకోటి కూడా అర్థమవుతుంది, 500కీ 600కీ తేడా ఐదో వంతే. 300 నుంచి 400కి వెళ్తే అంతకన్నా ఎక్కువ లాభం. ఆ చివరి వందకోసం అప్పు చేయాల్సిన పని లేదు.

ఒక హెచ్చరిక. పులికాట్‌లో ఫ్లెమింగోలు చాలాసార్లు రోడ్డు నుంచి వందల మీటర్ల దూరంలో ఉంటాయి. 300 మీటర్లలో ఉన్న ఫ్లెమింగో 600 లెన్స్‌తో కూడా సెన్సార్ మీద రెండున్నర ఎంఎం ఎత్తే వస్తుంది. పైగా పొద్దున పది దాటాక నీళ్ళ మీంచి లేచే వేడిగాలికి బొమ్మంతా అలలు అలలుగా వణుకుతుంది, ఆ మసకకి ఏ లెన్స్ కంపెనీ దగ్గరా మందు లేదు. లెక్కలో 800, 1000 వస్తే అది లెన్స్ సమస్య కాదు, మీరు ఇంకా పొద్దున్నే వెళ్ళి, గుంపు ఎగిరిపోకుండా ఇంకాస్త దగ్గరికి చేరాలి, లేదా ఆ పిట్టని వదిలేయాలి.

స్టెప్ 4: జూమా, ప్రైమా

మొదటి లెన్స్ జూమే. 150-600, సోనీ వాళ్ళకి 200-600, నికాన్ జెడ్ వాళ్ళకి 180-600, కెనాన్ ఆర్ఎఫ్‌లో 100-500, బరువు మోయలేనివాళ్ళకి 635 గ్రాముల 100-400. తడోబాలో జిప్సీలో కూర్చున్నప్పుడు పులి దూరంగా గడ్డిలో కనిపిస్తుంది, తర్వాత రోడ్డెక్కి బండి వైపే నడుచుకుంటూ వచ్చేస్తుంది, ప్రైమ్ పట్టుకున్నాయన ఫోన్ తీసి వీడియో తీసుకోవాల్సిందే. ఇంకో కారణం ఎవరూ చెప్పరు, 600 దగ్గర కోణం మూడున్నర డిగ్రీలే కాబట్టి కొత్తవాళ్ళకి ఫైండర్‌లో పిట్ట దొరకదు, అంతా ఆకులే. జూమ్ అయితే 200 దగ్గర పిట్టని పట్టుకుని, అలా కన్ను తీయకుండా 600కి తిప్పొచ్చు.

ఏడాది వాడాక మీ ఫొటోల్లో ఫోకల్ లెంత్ చూసుకోండి, దాదాపు అన్నీ చివర్లోనే తీసుంటే అప్పుడు ప్రైమ్ గురించి ఆలోచించొచ్చు. 600 ఎఫ్ 4 అంటే పది లక్షల పైమాటే, మూడు కిలోల బరువు, అది వేరే లోకం.

స్టెప్ 5: వెలుతురు, టెలీకన్వర్టర్

ఎఫ్ 6.3 కన్నా చీకటి లెన్స్‌తో అమ్రాబాద్ లాంటి అడవిలో పొద్దున ఆరింటికి ఇబ్బందే, చెరువుల దగ్గర పర్లేదు. 1.4 కన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య తగిలించి ఎంఎం పెంచే ముక్క) పెడితే ఒక స్టాప్ పోతుంది, అంటే వెలుతురు సగమైపోతుంది, 600 ఎఫ్ 6.3 కాస్తా 840 ఎఫ్ 9 అవుతుంది, పాత డీఎస్ఎల్ఆర్‌లలో ఎఫ్ 8 దాటాక ఆటోఫోకస్ తడుముకుంటుంది. 2 ఎక్స్ కన్వర్టర్ జూమ్‌కి తగిలించొద్దు, అంతే.

స్టెప్ 6: చేతిలో పట్టుకుని చూడటం

కొనేముందు ఒక వీకెండ్ రెంటుకి తీసుకోండి. రెండు కిలోల లెన్స్ కంటి దగ్గర రెండు నిమిషాలు కదలకుండా పట్టుకోండి, చెయ్యి వణికితే బీన్ బ్యాగో మోనోపాడో కూడా బడ్జెట్‌లో రాసుకోండి. పూర్తి జూమ్‌లో, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, రోడ్డుకి అవతలున్న బోర్డు మీద చిన్న అక్షరాలు తీసి వంద శాతంలో చూడండి, మనం ఎప్పుడూ తీసేది అక్కడే కాబట్టి 150 దగ్గర ఎంత షార్ప్‌గా ఉన్నా లాభం లేదు. తేనెపిట్టలు తీసేవాళ్ళు కనిష్ఠ ఫోకస్ దూరం కూడా చూసుకోవాలి, మూడు మీటర్ల లోపు ఉండాలి, పైగా చాలా జూమ్‌లు అంత దగ్గర్లో ఫోకస్ చేసేసరికి 600 కాస్తా తగ్గిపోతాయి.

సెకండ్ హ్యాండ్ అయితే వెనక నుంచి టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి, సముద్రపు తేమ ఉండే వైజాగ్, కాకినాడ వైపు నుంచి వచ్చిన లెన్స్ అయితే రెండుసార్లు చూడండి.