మెరిసే ఉపగ్రహాలు – 4వ పాఠం: ఆ రింగు చివరిదాకా తిప్పొద్దు

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోల్లో సగానికి పైగా నక్షత్రాలు బూందీ గింజల్లా ఉన్నాయి. తప్పు నాదే. "ఫోకస్ అనంతం (చాలా దూరపు వస్తువులు స్పష్టంగా కనిపించే చోటు) దగ్గర పెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. మీరేమో లెన్స్ మీది ఫోకస్ రింగు ఆగేదాకా తిప్పేశారు.

ఆగిన చోటు అనంతం కాదండీ! ఎండకీ చలికీ లెన్స్ లోపలి భాగాలు సాగుతాయి, ముడుచుకుంటాయి. అందుకే ఆటోఫోకస్ లెన్సుల్లో అనంతం దాటాక కూడా రింగు కొంచెం తిరిగేలా చేస్తారు. మనకు కావాల్సింది చివరికి వెంట్రుకవాసి ఇవతల ఉంటుంది. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) మంచి వెలుగున్న నక్షత్రాన్ని 10 రెట్లు పెంచి చూడండి. రింగు తిప్పేకొద్దీ చుక్క చిక్కిపోతుంది, ఇంకా చిక్కిపోతుంది, ఒకచోట మళ్లీ ఉబ్బుతుంది. ఉబ్బగానే ఆ పిసరు వెనక్కి రండి. అక్కడ టేపు వేయండి. నేను వాడేది కరెంటు పనికి వాడే నల్ల టేపే. ఆ తర్వాత జూమ్ ముట్టుకున్నారో, మళ్లీ మొదటికే. పగలు సెల్ టవర్ మీద ఫోకస్ చేసి గుర్తు పెట్టుకుంటానని ఒకాయన రాశారు. వద్దు సార్, రాత్రి చల్లబడితే అది మారుతుంది.

మిగతావి తెలిసినవే: ట్రైపాడ్, 18 మి.మీ., అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ 800, 15 సెకన్లు.

ఇరిడియం మెరుపుల (ఇరిడియం అనే ఫోన్ ఉపగ్రహాల పలకల మీద ఎండ పడి తళుక్కుమనడం) కోసం ఇంకా కాచుకుంటున్నవాళ్లకు ఒక మాట. 2017 నుంచి, అలా మెరవని కొత్తవి పైకి వెళ్లాక పాతవాటిని చాలావరకు కిందికి దించేశారు. ఇప్పుడు మనకు దిక్కు ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఉపగ్రహాలే. సూర్యుడు దిగంతానికి దాదాపు 40 డిగ్రీల కింద ఉన్నప్పుడు, సూర్యుడున్న వైపే, ఆకాశంలో బాగా కిందుగా, ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతాయి. ఫోటోలో ఆ గీత కదురులా వస్తుంది: కొసలు సన్నం, నడుమ లావు. చుక్కలు చుక్కలుగా వస్తే అది విమానం.

అభ్యాసం: మార్చి మూడో వారంలో తెల్లవారుజామున 3 గంటలకల్లా నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో ఉండండి. ఒంగోలు వాళ్లు కొత్తపట్నం వెళ్లండి. ఈశాన్యాన అభిజిత్ నక్షత్రం (వేగా) మీద ఫోకస్ చేసి, కెమెరాను తూర్పుకి, కాస్త ఉత్తరం కలిసేలా తిప్పి, 3.15 నుంచి వరసగా 100 ఫోటోలు తీయండి. పాత లుంగీ గుడ్డ దగ్గరుంచుకోండి, సముద్రపు తేమ లెన్స్‌కి ఊరికే పట్టేస్తుంది. మెరుపు పడకపోయినా మొదటి ఫోటో, నూరో ఫోటో నాకు పంపండి. రెండింట్లో చుక్కల సైజు తేడాగా ఉంటే టేపు జారిందో, తేమ పట్టిందో చెప్తాను.