పైన్ నట్స్ చేదొచ్చాయా? చేదు గింజలో ఉందా, నోట్లో ఉందా ముందు తేల్చుకోండి

"అక్కా, పైన్ నట్స్ చేదుగా ఉన్నాయి, ఏం చెయ్యమంటారు?" అని తరచూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే. "గింజ కొరకగానే చేదా? లేక తిన్న మర్నాడో, ఆ తర్వాత రోజో ఏది తిన్నా చేదా?" ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా డబ్బాలకు డబ్బాలు పారబోసినవాళ్లను చూశాను. లివర్ పాడైందేమోనని టెన్షన్‌తో రక్త పరీక్షలు చేయించుకున్నవాళ్లనూ చూశాను.

విశాఖలో ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే వంట ఆర్డర్లు చేస్తుంటాను. పచ్చళ్లలో, పాయసంలో, పిల్లలు అడిగే పాస్తాల్లో పైన్ నట్స్, అంటే పైన్ చెట్ల గింజలు, వాడుతూనే ఉంటాను. గింజలు కడగడం, ఏరడం, వేయించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ముందుగా చెయ్యాల్సిన పని చాలా చిన్నది. నీళ్లతో నోరు పుక్కిలించి చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకోండి. బెల్లం తియ్యగా ఉంటే చేదు గింజలో ఉంది. బెల్లం తిన్నాక కూడా నాలుక వెనకాల చేదు, ఇనుము నాకినట్టు రుచి మిగిలితే గింజల డబ్బా జోలికి వెళ్లకండి, చేదు మీ నోట్లో ఉంది.

కొరకగానే చేదు, పాత నూనె వాసన

ఇది కనరెక్కిన గింజ. ఎండుకొబ్బరి కనరెక్కితే ఎలా ఉంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. అదే వాసన, కొంచెం పెయింట్ డబ్బా మూత తీసినట్టు. మంచి పైన్ గింజ రుచి జీడిపప్పుకూ లేత కొబ్బరికీ మధ్యలో ఉంటుంది, చివర్లో సన్నగా గుగ్గిలం వాసన తగులుతుంది. ఆ గుగ్గిలం వాసన తప్పు కాదు, అది ఆ చెట్టుది.

వంద గ్రాముల పైన్ నట్స్‌లో సుమారు 68 గ్రాములు కొవ్వే. అందులో సగం గాలి తగిలితే తొందరగా చెడే రకం. పైగా చాలా రకాలు మనదాకా పెంకు తీసి వస్తాయి, అంటే గింజకు కాపలా ఉండదు. దానికి తోడు మన ఊరి గాలి. మే నెలలో స్టవ్ పక్కన అలమారలో పెట్టిన గింజ మూడు వారాలు ఆగితే గొప్పే.

కొన్న రోజునే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, నెలా రెండు నెలలు బాగుంటాయి. ఫ్రీజర్‌లో అయితే ఆరు నెలల దాకా నిశ్చింత. అయితే ఇక్కడ ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. ఫ్రీజర్ నుంచి తీసిన డబ్బాను వెంటనే తెరుస్తారు. మన తేమ గాలి ఆ చల్లటి గింజల మీద చెమటలా పడుతుంది, తిరిగి లోపల పెట్టేస్తే ఆ తడి గింజల్ని పాడుచేస్తుంది. డబ్బాను మూతతోనే అరగంట బయట ఉంచి, పైన పట్టిన నీళ్లు తుడిచి, అప్పుడు తెరవండి. లేదా మొదట్లోనే యాభై గ్రాముల చొప్పున చిన్న పొట్లాలు కట్టి పెట్టుకోండి. నేను అదే చేస్తాను.

కరెంటు చాలాసేపు పోయినా జాగ్రత్త. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక ఫ్రిజ్ మళ్లీ చల్లబడింది, గింజలు చూపుకు మామూలుగానే ఉన్నాయి, నమిలితే కనరు.

కనరెక్కిన గింజను నేతిలో వేయిస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. వేయిస్తే వాసన కాసేపు దాగుతుంది, పాయసంలో పడ్డాక మళ్లీ పైకి తేలుతుంది, అప్పుడు రెండు లీటర్ల పాలు కూడా పోతాయి. అందుకే ప్రతిసారీ, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, వేయించే ముందు రెండు గింజలు పచ్చివి నమలండి. ఇంత తేలికైన పనిని జనం ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

మర్నాటి నుంచి ఏది తిన్నా చేదు

ఇదే అసలు సంగతి. నన్ను బాగా దెబ్బతీసినది కూడా ఇదే, కాబట్టి నిదానంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక శనివారం ఒక ఇంటికి పైన్ నట్స్ వేసి కొత్తిమీర పచ్చడి పంపాను. వాళ్లు చాలా మెచ్చుకున్నారు. మిగిలిన పచ్చడి నేను కూడా అన్నంలో కలుపుకుని తిన్నాను. గింజలు తాజావే, పచ్చివి నమిలి మరీ చూశాను. మంగళవారం అదే ఇంటికి సాంబారు పంపితే గంటలో ఫోన్. "వదినా, ఏమీ అనుకోకండి, సాంబారు చేదుగా ఉంది, గిన్నె చిలుమేమో చూడండి." గరిటెతో తీసి రుచి చూశాను. నిజంగానే చేదు. తుప్పు మేకు నోట్లో పెట్టుకున్నట్టుంది. ఇత్తడి గిన్నెలో కాచిన సాంబారు కదా, కళాయి పోయిందనుకున్నాను. మొత్తం సింక్‌లో పోశాను. గిన్నె కళాయికి పంపాను. పొద్దున కాఫీ కూడా చేదనిపించిందని గుర్తొచ్చి కాఫీ పొడి పారేశాను, నీళ్ల క్యాన్ మార్చాను.

రెండో గిన్నెలో, ఈసారి స్టీలులో, సాంబారు కాచాను. అదీ చేదే. అప్పుడు మా ఇంట్లో సాయం చేసే అమ్మాయికి గరిటెడు ఇచ్చాను. ఆమె చప్పరించి, "బావుంది కదమ్మా, చేదేముంది?" అంది. ఆమె ఆ పచ్చడి తినలేదు. మా వారూ తినలేదు, ఆయనకూ చేదు లేదు. తిన్నది నేనూ, ఆ ఇంట్లోవాళ్లూ. అక్కడికి గాని నాకు వెలగలేదు.

దీన్ని ఇంగ్లీషులో పైన్ మౌత్ అంటారు. వైద్య పత్రికల్లో దీని గురించి 2001లో మొదటిసారి బెల్జియం నుంచి రాశారు. ఆ తర్వాత యూరప్‌లో, అమెరికాలో వందల మంది ఇదే చెప్పారు. గింజ తినేటప్పుడు ఏమీ తెలియదు, రుచి బాగానే ఉంటుంది. సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత నోట్లో చేదు, లోహపు రుచి మొదలవుతుంది. ఏదైనా తింటే ఎక్కువవుతుంది. రెండు వారాలు ఉండొచ్చు, కొందరికి నాలుగు వారాల దాకా కూడా. ఆ తర్వాత దానంతట అదే పోతుంది. శరీరానికి హాని చేసినట్టు ఎక్కడా తేలలేదు.

మనం పట్టుకోలేకపోవడానికి కారణం ఈ రోజుల తేడానే. శనివారం తిన్నది సోమవారం చేదైతే నెపం సోమవారం తిన్నదాని మీదికే పోతుంది. అందులోనూ ఇది కనరు కాదు. గింజ తాజాగా ఉన్నా వస్తుంది. వేయించినా, నూరినా, పచ్చిగా తిన్నా వస్తుంది. నేను పైన చెప్పిన రెండు గింజలు నమిలే పరీక్ష దీన్ని పట్టుకోలేదు. ఒకే గిన్నెలో తిన్నవాళ్లలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు కూడా.

ఎక్కువగా అనుమానం పడినది చైనాలో పెరిగే పైనస్ అర్మండీ అనే రకం గింజల మీద. అవి పొట్టిగా, కొంచెం గుండ్రంగా, మెరుపు లేకుండా ఉంటాయి. చిక్కేమిటంటే, మంచి రకమైన కొరియన్ పైన్ గింజ కూడా పొట్టిదే, ముక్కోణంగా నీటి బొట్టులా ఉంటుంది. రెండూ కలిపి పోస్తే కంటితో ఏరడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు. మధ్యధరా ప్రాంతపు పైనస్ పీనియా గింజ మాత్రం సన్నగా, పొడుగ్గా, దంతం రంగులో ఉంటుంది. మన చిల్గోజా ఇంకా పొడవు, గోధుమరంగు పెంకుతో అమ్ముతారు. అది హిమాచల్‌లోని కిన్నౌర్ కొండల నుంచీ, ఆఫ్ఘనిస్తాన్ నుంచీ వస్తుంది.

పైన్ మౌత్‌కు మందు లేదు. ఆ గింజలు ఆపేసి రోజులు గడవనివ్వాలి. నాకు చల్లటి పెరుగన్నం కాస్త సుఖంగా ఉండేది, తీపి తింటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. పన్నెండో రోజు పొద్దున కాఫీ మళ్లీ కాఫీలా తగిలింది. వంట చేసేవాళ్లయితే ఆ రోజుల్లో ఉప్పు, పులుపు వేరే ఎవరి నాలుకతోనైనా చూపించుకోండి. మీ నాలుక చెప్పేది నమ్మి వంట దిద్దొద్దు.

మళ్లీ రాకుండా ఉండాలంటే విడిగా తూచి ఇచ్చే పొట్టి గింజలు కొనకండి. పూర్ణా మార్కెట్లో కొన్నా, సూపర్ మార్కెట్లో కొన్నా ప్యాకెట్ మీద ఏ దేశానిదో చూడండి, బయటి నుంచి వచ్చిన సరుకు ప్యాకెట్ మీద దేశం పేరు ఉండి తీరాలి. రకం పేరు కూడా ఉంటే మరీ మంచిది. గింజలు డబ్బాలో పోశాక ప్యాకెట్‌ను పారెయ్యకుండా ఫోటో తీసుకోండి. నా దగ్గర ఆ రోజు ప్యాకెట్ లేదు, అందుకే కొట్టు ఆయనను ఏమీ అడగలేకపోయాను.

ఒక్క జాగ్రత్త. నోరు చేదుకు పైన్ నట్స్ ఒక్కటే కారణం కాదు. విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా నోట్లో లోహపు రుచి తెస్తాయి. అలాగని బిళ్లలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌ను అడగండి. చేదు మొదలవడానికి ముందు మూడు రోజుల్లో పైన్ నట్స్ తినకపోతే, కళ్లు పచ్చబడితే, జ్వరం ఉంటే, లేదా నెల దాటినా చేదు పోకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పెస్టోనో పచ్చడో మాత్రమే చేదు, గింజ బాగానే ఉంది

పెస్టో అంటే ఆకు, గింజలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరే ఇటలీ పచ్చడి. గింజ విడిగా నమిలితే బాగుండి, నూరాక చేదొస్తే తప్పు మిక్సీది. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే చేదెక్కవచ్చు. గింజలు, ఆకు, వెల్లుల్లి ఆపి ఆపి తిప్పి, నూనె చివర్లో చేత్తో కలపండి. ఇటలీలోని జెనోవా వాళ్లు సంప్రదాయంగా పెస్టోను రాతి రోట్లోనే నూరుతారు. మన ఇంట్లో రోలు ఉంటే ఇంకేం కావాలి? కొత్తిమీర పచ్చడికైతే నేను కొత్తిమీర, పచ్చిమిర్చి, చింతపండు నూరి, వేయించిన గింజలు ఆఖర్న వేసి నాలుగు పోట్లు పొడుస్తాను. గింజ సగం నలిగి సగం పంటికి తగలాలి.

పొడి చేద్దామంటే ముద్దయింది

అంత నూనె ఉన్న గింజ పొడి కాదు. గింజలు ఫ్రీజర్‌లో గంట ఉంచి, ఒక చెంచా బియ్యప్పిండితో కలిపి ఆపి ఆపి తిప్పండి. కొరియాలో ఈ గింజల్ని నానబెట్టిన బియ్యంతో నూరి జావ కాస్తారు, జత్‌జుక్ అంటారు. ముద్దయిన గింజల్ని పారెయ్యకుండా అలా జావ చేసుకోండి, జ్వరం తగ్గినవాళ్లకు నోటికి బాగుంటుంది.

మాడిపోయాయి, మెత్తబడ్డాయి

మాడితే మంట ఎక్కువ, లేదా స్టవ్ ఆపాక మూకుడులోనే వదిలేశారు. సన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు, రంగు మారడం మొదలవగానే చల్లటి స్టీలు పళ్లెంలోకి. మెత్తబడితే తేమ, ఇంకో రెండు నిమిషాలు వేయిస్తే సరి.

రోజూ తింటున్నా, బలం రాలేదు, బరువు మాత్రం పెరిగింది

ప్రొటీన్ కోసమని ఇంత ఖరీదు పెట్టి కొంటే నిరాశే. వంద గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 14 గ్రాములు. మన వేరుశనగ గుళ్లలో 25 గ్రాములుంటుంది. కేలరీలు మాత్రం 670 పైన. గుప్పెడు, అంటే ముప్పై గ్రాములు తింటే 200 కేలరీలు, రెండు ఇడ్లీల కంటే ఎక్కువే. ఈ గింజలో మెచ్చుకోవాల్సింది మాంగనీస్, మెగ్నీషియం, విటమిన్ ఇ. మాంగనీస్ అయితే ముప్పై గ్రాముల్లోనే రోజుకు సరిపడా దొరుకుతుంది. కాబట్టి రోజుకొక చెంచా, పాలకూర వేపుడు మీదో, పెరుగన్నం మీదో చల్లుకోండి. బలానికి పల్లీలు తినండి.

ఇంకా కొన్ని

పురుగు కనబడితే డబ్బా మొత్తం పారెయ్యండి, ఏరుకుంటూ కూర్చోవద్దు. బీచ్ రోడ్డు వైపు సరుగుడు చెట్ల కింద రాలిన చిన్న కాయల్లో ఈ గింజలుంటాయా అని ఒకరిద్దరు అడిగారు. ఉండవు, సరుగుడు పైన్ జాతి కాదు. ఇక తిన్న నిమిషాల్లో నోరు దురద, పెదవులు వాపు, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం ఉంటే అది ఎలర్జీ. అరుదే, కాని వస్తే బెల్లం పరీక్షలూ ఇంటి వైద్యాలూ వద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఆ మనిషికి మళ్లీ ఎప్పుడూ ఈ గింజ పెట్టకండి.